ఎస్తేరు టీచర్ కుంటలో గుర్రపుడెక్క

రిటైర్మెంటుకు ముందటి ఏడాది, వానలు పడుతుండగా, నన్ను మత్స్య అభివృద్ధి అధికారిగా చండ్రుగొండ వైపు వేశారు. పెద్ద చెరువులు చూడాల్సిన హోదా నాది. నాతో మూడు చెరువుల నీళ్ళు తాగించింది మాత్రం ఒక పెరటి కుంట.

అది ఎస్తేరు టీచర్‌ది. అందులో బొచ్చె, రవ్వు చేపలు పెంచుతున్నారు. క్రిస్మస్‌కు వాడకట్టు మొత్తానికీ, చర్చికి వచ్చేవాళ్ళకీ రానివాళ్ళకీ, చేపల పులుసు పెడతానని మాటిచ్చారు. నేను వెళ్ళేసరికి నీళ్ళే కనబడలేదు. గుర్రపుడెక్క కుంటంతా పరుచుకుని ఊదాపూలతో కళకళలాడుతోంది. కింద ఊపిరాడక చేపలు పొద్దున్నే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు పోతే పులుసు మాట దేవుడెరుగు, పూడ్చిపెట్టుకోవాల్సిందే.

మా పద్ధతి సులువే. ఇద్దరు చెరో గట్టున నిలబడి మోకుతో కలుపును ఒక మూలకు లాగాలి. వేర్లతో సహా పైకి తీసి, గట్టుకు దూరంగా ఎండబెట్టాలి. చిన్న పిలక మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది. అన్నీ దగ్గరుండి చేయించాను. చేపలకన్నా ముందు నేనే ఊపిరి పీల్చుకున్నాను.

కొన్నాళ్ళకు వెళ్తే నీళ్ళ మీద మళ్ళీ డెక్క గుంపులు. తీయించాను. మళ్ళీ వచ్చింది. నాకు ఒళ్ళు మండి కూలీల మీద ఎగిరాను. పిలక కూడా వదల్లేదని వాళ్ళు ఒట్లు పెట్టారు.

మూడోసారి తీయించి నేను ఇంకా గట్టు మీద ఉండగానే గుట్టు బయటపడింది. పక్కింటి యాదమ్మ బకెట్‌తో వచ్చింది. “అక్కా, నీ పూలచెట్లన్నీ పీకేసిన్రంట గదా, పాపం! నువ్విచ్చిన పిలకే, మా తొట్టిల మస్తు పెరిగింది” అంటూ నా కళ్ళముందే కుంటలోకి జారవిడిచింది. పూలమొక్క ఏదైనా పిలకలు ఇచ్చిపుచ్చుకోవడం ఆ వాడకట్టు ఆనవాయితీ. ఒకప్పుడు టీచర్ అందరికీ పంచారు. ఇప్పుడు అందరూ జాలిపడి తిరిగిస్తున్నారు.

నిలదీస్తే, “ప్రేమతోని తెస్తే వద్దంటే ఏం బాగుంటది సార్?” అన్నారు టీచర్.

ఇక నేనే ఇంటింటికీ తిరిగాను. ఆక్సిజన్ గురించి చెబితే మర్యాదగా తలలూపారు. విసుగొచ్చి, ఈ మొక్క ఉంటే క్రిస్మస్‌కు పులుసు ఉండదన్నాను.

“గది ముందే చెప్పొద్దా సారూ!” అని యాదమ్మ నన్నే కసిరింది. సాయంత్రానికల్లా వాడకట్టులోని తొట్లన్నీ ఖాళీ అయ్యాయి.

క్రిస్మస్‌నాడు నేనూ వెళ్ళి కడుపునిండా తిన్నాను. బయల్దేరుతుంటే టీచర్ నా చేతిలో ఒక సంచి పెట్టారు. ఏదో పూలమొక్క, పేరు ఆమెకూ తెలియదట. కాదనడానికి నోరు రాలేదు.

కలుపు తీసేముందు అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో కనుక్కోవాలని ఆ కుంట దగ్గర నేర్చుకున్నాను. టీచర్ ఇచ్చిన మొక్క ఖానాపురం హవేలిలో మా ఇంటి ముందు బాగా గుబురెక్కింది. నిన్న పక్కింటావిడ ఒక పిలక అడిగింది. ఇచ్చాను.