మేడం రేకుకు చింతపండు

చింతపండుతో చారు పెట్టినవాళ్లున్నారు, పులిహోర కలిపినవాళ్లున్నారు. దానితో ఒక పరిశోధన మొత్తాన్ని మోరీలో కలిపిన ఘనత మాత్రం నాదే. చెబుతాను, నవ్వండి, పరవాలేదు.

ఖమ్మంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా కొత్తగా చేరిన రోజులవి. మాది దుమ్ముగూడెం వైపు పల్లె. ఇంటికి పాస్టరుగారు ప్రార్థనకు వస్తున్నారంటే చాలు, మా అమ్మ ఇంట్లోని రాగి, ఇత్తడి అంతా నా ముందు గుమ్మరించేది. పాస్టరుగారు బిందెలో ముఖం చూసుకోవాలి, అదీ లెక్క.

ఆ రోజు హైదరాబాదు నుంచి ఒక పెద్దసారు వస్తున్నారు. ప్రయోగం ఆయనకు నచ్చితేనే మా మేడం పరిశోధన సాగుతుంది, లేకపోతే ఆగిపోయినట్టే. పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, బల్ల మీద రాగి రేకు ఒకటి మసిపట్టిన పెనంలా ఉంది. పెద్దమనిషి వచ్చేవేళకు ఇదా? చింతపండు, కొబ్బరిపీచు తెచ్చి చేతులు పడిపోయేలా తోమాను. తళతళా మెరిసింది. మేడం మెచ్చుకుంటారని మురిసిపోయాను కూడా, ఏం చెప్పను నా తెలివి.

సారును వెంటబెట్టుకొని వచ్చిన మేడం రేకును చూసి ఆగిపోయారు.

"రూతూ, ఏంది ఇది గిట్ల మెరుస్తున్నది?"

"మసి పట్టింది మేడం. తోమిన," అన్నాను గర్వంగా.

"అది మసి కాదమ్మా, వెండి. ఉత్త రాగి నున్నగ ఉంటది, పని చెయ్యదు. దాని మీద వెండి పొర గరుకుగ పట్టిస్తేనే పెరాక్సైడ్ జల్దీ విడిపోయి నురగ పొంగుతది. నెలల నుంచి గదే పని నాకు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట తోమి గెలిచి, రచ్చలో తోమి మునిగాను.

చేసేదేం లేక మేడం రేకు మీద పెరాక్సైడ్ పోశారు. అదేనండీ, పుండ్లు కడిగే మందు. మొహమాటానికన్నట్టు రెండు బుడగలొచ్చాయి. సారు వాచీ చూసుకున్నారు. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకైతే ఏడుపే వచ్చేసింది.

"దేంతోని తోమినవ్?" అన్నారు మేడం ఉన్నట్టుండి.

"పీచుతోని."

"ఏడుంది అది?"

పరుగెత్తి వెళ్లి, నల్లబడ్డ పీచును నీళ్లలో జాడించి తెచ్చాను. "వెండంత దీనికే అంటుకున్నది," అంటూ మేడం దాన్ని గాజు గ్లాసులో వేసి పెరాక్సైడ్ పోశారు. బుసబుసా నురగ లేచి, గ్లాసు దాటి, ఆత్రంగా వంగి చూస్తున్న సారు తెల్లచొక్కా మీదికి ఎక్కింది.

సారు చొక్కా దులుపుకొని గంభీరంగా అన్నారు: "మేడం, మీ రేకు సంగతి తర్వాత చూద్దాం. పీచు మాత్రం మంజూరు."

కాబట్టి అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. నల్లబడ్డ ఏ లోహాన్నీ ఈ జన్మలో తోమను. మాడిన పాలగిన్నెలు కూడా మా ఆయనే తోముతున్నారు. సైన్సు కోసం ఆ మాత్రం త్యాగం చెయ్యాలి మరి, ఆయన.