దిల్షాద్ సిస్టర్, వెంకటనర్సు దూప

మక్తల్‌లో తాళాలు బాగుచేసే పీర్ మహమ్మద్ తన కూతురు దిల్షాద్‌ను నర్సు చదువుకు పంపినప్పుడు చుట్టాలు మూతులు ముడిచారు. "రోగమొచ్చినోళ్లకు సేవ జేస్తే దువా దొరుకుతది, మీరేం ఫికర్ జేయకుండ్రి" అని ఆయన తన పనిలో పడిపోయాడు. చదువు ముగిశాక దిల్షాద్ మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో చేరింది.

ఎనభై ఏడు ఎండాకాలం, రంజాన్ నెల. కొత్తకోట దగ్గరి నేతకారుడు వెంకటనర్సును భార్య లీలమ్మ జీపులో తీసుకొచ్చింది. అంతకుముందు పట్టుకున్న వాంతులు, విరేచనాలు ఆగాయి గానీ మూత్రం బందయింది. ముఖం, కాళ్లు ఉబ్బాయి. మూత్రపిండాలు పని ఆపేశాయని చెప్పి డాక్టరు పొట్టలోకి సన్నని గొట్టం వేశాడు. మందునీళ్లు లోపలికి పంపి, ఒంట్లోని చెడుతో సహా బయటికి తీయాలి. ఆ మందునీళ్ల సీసాలు మార్చడం, గొట్టం చుట్టూ శుభ్రంగా ఉంచడం దిల్షాద్ పని. అది ఆమెకు బరువనిపించలేదు. బరువల్లా అతని దాహమే. నీళ్లు బయటికి పోయే దారి లేదు కనుక కొద్దికొద్దిగానే ఇవ్వాలి.

"నాలుక పిడచ కడ్తాంది సిస్టరమ్మా. నా దూప నీకేమెర్క?" అన్నాడొక మధ్యాహ్నం, కోపంగా.

"నాకెందుకెర్క లేదన్నా? రోజా ఉన్న. తెల్లారగట్లనుంచి గుక్కెడు నీళ్లు ముట్టలే."

ఆమె ఎండిన పెదవులు అతను అప్పుడే చూశాడు. "అయితే ఇద్దరం కలిసే ఓర్సుకుందాం తియ్యి చెల్లె" అన్నాడు.

ఆనాటినుంచి తన వంతు నీళ్లలో కొంత సాయంత్రానికి దాచుకునేవాడు. మసీదు సైరన్ మోగగానే ఆమె ఖర్జూరం నోట్లో వేసుకుంటే, అతను గ్లాసెత్తి చప్పరిస్తూ తాగేవాడు. వార్డంతా సైరన్ కోసం చెవులు రిక్కించేది. సరిగా వినపడని ఐలేశం తాత పక్క మంచం మీదినుంచి "కూసిందా?" అని మాటిమాటికీ అడిగేవాడు.

ఒక పొద్దున లీలమ్మ వరండాలోకి ఉరికొచ్చింది. చేతిలో సీసా ఉంది. దాని అడుగున కాసింత మూత్రం. దిల్షాద్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, రెండో చేత్తో లీలమ్మను హత్తుకుంది. "ఏమొచ్చింది?" అన్నాడు ఐలేశం తాత. వార్డంతా ఒక్క గొంతుతో చెప్పింది. తాత చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత మూత్రం ధారకట్టింది. ఇప్పుడు పోయినంత నీరు తాగాలి. దిల్షాద్ చెంబుతో వెంటబడితే వెంకటనర్సు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అప్పుడు అడుక్కున్నా ఇయ్యకపోతివి, ఇప్పుడు పానం దీస్తున్నవ్. నువ్వు రోజా ఉండంగ నేనెట్ల తాగాలె?"

"నా రోజా ఇంక ఉన్నది. నీ రోజా ఒడిసింది. తాగన్నా."

అతనికి నవ్వొచ్చి సగం నీళ్లు చొక్కా మీదే ఒలికాయి.

పండుగ అయిన నెలకు దిల్షాద్ తీపి సేవయ్యలు డబ్బాలో కట్టుకుని, తండ్రిని వెంటబెట్టుకుని కొత్తకోట బస్సెక్కింది. మగ్గం దగ్గరున్న వెంకటనర్సు ఆమెను చూసి లేవబోయాడు.

"ఆగన్నా, ముందుగాల కాళ్లు సూడనియ్యి" అంటూ ఆమె నేలమీదే కూర్చుని మడమ దగ్గర వేలితో నొక్కింది. గుంట పడలేదు, వాపు పూర్తిగా తీసింది.

"గిప్పుడన్న సాప మీద కూసో బిడ్డా" అని లీలమ్మ చాప పరిచి, పీర్ మహమ్మద్‌కు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.