మూడో మిషన్ వైరు పీకింది నేనే

సహోదరులారా, సహోదరీలారా, ఈ మందిరంలో ఎన్నో ఏండ్లుగా వెనక వరసలో గోడకు ఆనుకొని కూచునే దానమయ్యను నేను, ఎప్పుడూ ముందుకొచ్చి నోరు తెరిచినోన్ని కాదు, ఈ పొద్దు నిలబడినానంటే దేవుడు నిలబెట్టినాడు కాబట్టే. నేను చెప్పేది గొప్ప సంగతి కాదు, సిగ్గుపడాల్సిన సంగతి, అయినా దాంట్లోనుంచి ఆయన నన్నెట్ల బయటికి లాగినాడో చెప్పకుండా ఉండలేకపోతాండా.

డోన్ నుంచి బేతంచెర్ల పోయే దారిలో నాపబండలు కోసి పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉండాది, దాంట్లో ముప్పై ఏండ్లుగా నేను మేస్త్రీని. మా ఓనరు నాగేశ్వర శెట్టిగారికి నేనంటే శానా నమ్మకం, ఎందుకంటే మిషన్ చప్పుడు విని బేరింగు పోతాందని రెండు మూడు రోజుల ముందే చెప్పేవాన్ని, పక్క ఫ్యాక్టరీల వాళ్లు కూడా మోటారు తిక్కగా తిరిగితే నన్ను పిలుచుకపోయేవాళ్లు. ఆ పేరు నాకు తలకెక్కింది సహోదరులారా, దేవుడిచ్చిన వరమని పైకి చెప్పేవాన్ని, లోపల మాత్రం నా గొప్పే అనుకునేవాన్ని!

అట్లాంటి నాకు చెవులు మూతపడ్డం మొదలైంది. ముందు మా ఇంటామె సుగుణ వంటింట్లోనుంచి పిలిస్తే వినపడలేదు, తర్వాత అయ్యగారి ప్రసంగం యాడో దూరంగా గాలికి కొట్టుకొచ్చినట్టు ముక్కలు ముక్కలుగా వినపడేది, అందరూ ఆమెన్ అంటే నేనూ పెదాలు ఆడించేవాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెవులు లేని మేస్త్రీని ఎవరు పెట్టుకుంటారు అని భయం. రోజూ మోకాళ్లేసి "ప్రభువా, ఈ సంగతి ఎవరికీ తెలియనీయొద్దు" అని అడిగేవాన్ని, అది ప్రార్థన కాదు, నా దొంగతనానికి దేవున్ని కాపలా పెట్టుకోవడం!

ఆ కాలంలోనే చిన్న ఫ్యాక్టరీలు కొత్త రకం యంత్రాలు పెట్టుకోనీకి ప్రభుత్వం సాయం చేస్తాందని శెట్టిగారు అర్జీ పెట్టుకున్నారు, కర్నూలు నుంచి ఆఫీసర్లు వచ్చి మిషన్లన్నీ చూసిపోయినారు, సగం ప్రభుత్వం సగం శెట్టిగారు వేసుకొని ప్రతి కోత మిషన్‌కూ బొటనవేలంత సెన్సార్లు బిగించినారు. మిషన్ ఎంత అదురుతాందో ఎంత కాలుతాందో అంతా ఆఫీసు రూములో తెర మీద కనపడతాది, ప్రమాదముంటే ఎర్రగా అయితాది. తెర చూసే పని నేర్చుకోమని ముందు నన్నే అడిగినారు. "ముప్పై ఏండ్ల అనుభవం ముందర ఈ బొత్తాము ఎంత శెట్టిగారూ" అని నవ్వి కొట్టేసినాను. అప్పుడు బండల సైజులు రాసే హసీనా నేర్చుకునింది. మొగుడు పోయి, కూలి దుడ్లతో తల్లిని సాకే మనిషి, నన్ను సొంత అన్న మాదిరి చూసేది.

ఒకరోజు పొద్దున హసీనా పరుగెత్తుకొచ్చి, "దానమన్నా, మూడో మిషన్ది ఎర్రగా చూపిస్తాంది, బేరింగు ఒకసారి చూడన్నా" అనింది. అందరి ముందర పోయి మిషన్‌కు చెవి ఆనించినాను. నాకేమీ వినపడలేదు. వినపడలేదని చెప్పకుండా, ఏమీ లేదని చెప్పినాను. మరుసటి రోజూ ఎర్రగానే వచ్చింది, శెట్టిగారు నా పక్క అదో రకంగా చూసినారు, నాకు ఒళ్లు మండిపోయింది. మధ్యాన్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు ఆ సెన్సారు వైరు పీకేసినాను. నా చేత్తో పీకినాను సహోదరులారా! తెర మీద మూడో మిషన్ కనపడకపోయేసరికి హసీనా వచ్చి అడిగింది, "అది చెడిపోయిందిలే, బిగించినోళ్లు వచ్చి చూస్తారు, మిషన్ బాగుండాది, నడపనీ" అన్నాను. నా మాట మీద నడిపినారు.

మరుసటి రోజు ఆ మిషన్ బేరింగు విరిగి, ఇరుసు ఊగి, బ్లేడు ముక్క ఎగిరొచ్చి, కోత మీద ఉన్న మద్దిలేటి కాలికి తగిలింది. ఆ చప్పుడు కూడా నాకు సరిగ్గా వినపడలేదు, జనం పరుగెత్తుతాంటే చూసి పోయినాను. తెల్ల దుమ్ములో నెత్తురు. ఆ మనిషి నోరు తెరిచి అరుస్తాన్నాడు, నాకు అరుపు అందలేదు, నోరు మాత్రం కనపడింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో కాలికి రాడ్లు వేసినారు. ఫ్యాక్టరీలో శెట్టిగారు, వైరు ఎందుకు ఊడి ఉండాదని హసీనాను నిలదీసినారు. "దానమన్నే చెడిపోయింది నడపమన్నాడు" అనింది. శెట్టిగారు నా పక్క తిరిగితే, "నేనేం అనలేదు" అన్నాను. ప్రభువును ఎరగనని పేతురు బొంకినట్టే నేనూ బొంకినాను! శెట్టిగారు ఇంక పనికి రావద్దన్నారు, ఆమె టిఫిను డబ్బా తీసుకొని ఇంటికి పోయింది.

మూడు ఆదివారాలు మందిరానికి వచ్చినాను, పోయినాను. నాలుగో ఆదివారం ప్రభు బల్ల. రొట్టె పళ్లెం వరస వరసా వస్తాంటే నా చేతులు లేయలేదు, లేచి బయటికొచ్చి చెప్పుల దగ్గర కూలబడి, "తండ్రీ, నన్ను దాచొద్దు, ఇంక నన్ను దాచొద్దు" అని ఏడ్చినాను. వెనకాలే వచ్చిన సుగుణకు అంతా చెప్పినాను. ఆమె నా మొహం తన పక్కకు తిప్పుకొని, పెదాలు నాకు కనపడేటట్టు నిదానంగా, "నీ చెవుల సంగతి రెండేండ్ల నుంచి నాకు తెలుసు, నువ్వే చెప్తావని చూస్తాండా. ముందు హసీనా ఇంటికి పోదాం పద" అనింది.

పోయి వాకిట్లోనే చెప్పినాను. హసీనా నోటికి అడ్డం పెట్టుకున్న చెంగు తీసి, "మా అమ్మ కూడా నన్ను నమ్మలేదన్నా" అనింది. అంతే అనింది. ఆ మాట కత్తి మాదిరి దిగింది. ముగ్గురం శెట్టిగారి ఇంటికి పోతిమి. ఆయన అంతా విని, "ఏమప్పా దానమయ్యా, చెవులు పోతాండాయని ఒక్క మాట చెప్పింటే నిన్ను పొమ్మనేవాన్నా? నీ దగ్గరే కదప్పా నేను ఈ పని నేర్చుకునింది" అని కండ్లు తుడుచుకున్నారు. హసీనాను ఆ మరుసటి రోజే పనికి పిలిచినారు, నన్ను ఇంట్లో ఉండమన్నారు. న్యాయమే.

మద్దిలేటి దగ్గరికి పోయి మంచం పక్కన మోకాళ్లేసినాను. గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు. వారం వారం పోయినాను, ఒకరోజు నీళ్లు అందియ్యమని చెయ్యి చాపినాడు. ఇప్పుడు కుంటుకుంటా వచ్చి గేటు దగ్గర లారీల పని చూస్తాండాడు, నాతో మాట్లాడతాడు. క్షమించినానని ఇంతవరకూ అనలేదు, అనమని నేను అడగలేదు, అది అతనికీ దేవునికీ మధ్య ఉండే సంగతి.

రెండు నెలలైనాక కబురొచ్చింది, పాత పనోళ్లకు కూడా ఆ తెర చూసే శిక్షణ ఇస్తారంట, నా పేరు రాయించింది ఎవరనుకుంటారు? హసీనా! శెట్టిగారు మళ్లా పనికి రానిచ్చినారు, ఆమె పక్కన కూచొని తెర మీద గీతలు చూడ్డం నేర్చుకున్నాను, ఏ గీత పైకి లేస్తే ఏ బేరింగు అరుగుతాందో నా ముప్పై ఏండ్ల పని నాకు చెప్తాంది, చెవితో పట్టినదాన్ని ఇప్పుడు కంటితో పట్టుకుంటాండా. నా చెవులు బాగు కాలేదు సహోదరులారా, మిషన్ల చప్పుడుకే పోయినాయి, తిరిగి రావని డాక్టరు చెప్పినాడు. నేను అడిగిన స్వస్థత దేవుడు ఇయ్యలేదు, నేను అడగని విడుదల ఇచ్చినాడు! అబద్ధంలోనుంచి, భయంలోనుంచి నన్ను విడిపించిన ఆయనకే ఈ సాక్ష్యం, ఆయనకే స్తోత్రం.

ఈడ కూచున్నోళ్లలో ఎవరన్నా ఒక సంగతిని లోపల పెట్టుకొని కుమిలిపోతాంటే, మీ మీద పడాల్సిన నింద ఇంకొకరు మోస్తాంటే, రేపటిదాకా ఆగాకండి. ప్రభువుకు చెప్పండి, అక్కడితో ఆపకండి, లేచి ఆ మనిషి వాకిలికి పోండి. ఒక్కరే పోనీకి భయమైతే నన్ను పిలవండి, నేను మీతో వస్తాను.