డ్రైవరు గారి పెద్ద గ్లాసు

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. ఏదైనా రాయడం ఇదే మొదటిసారి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి.

1949లో సూర్యాపేటలో బస్సులు ఆగే చోట నాకు చాయ్ హోటల్ ఉండేది. బస్సు ఆగేది, జనం దిగేవారు, చాయ్ చేతికి అందేసరికి హారన్ మోగేది. సగం చాయ్ వదిలేసి పరుగెత్తేవారు. మరుసటిసారి దిగేవారే కాదు. దసరాలోగా హోటల్ నడవకపోతే మూసేసి, మిర్యాలగూడలో మా బావమరిది మిల్లులో బస్తాలు మోయాలి. ఆయన ముందు తల దించుకోవడం నాకు చావే.

అప్పుడు బడి పంతులు ఒక పోటీ పెట్టారు. సూర్యాపేట పిల్లలది ఒక జట్టు, కోదాడ నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే పిల్లలది ఒక జట్టు. నా కష్టం తీర్చినవారే గెలిచినట్టు.

సూర్యాపేట జట్టు నాయకుడు నరసయ్య నా చాయ్ తాగి మొహం చిట్లించాడు. "కాకా, నీ డికాక్షన్ పల్చగున్నది. జర చిక్కగ కాయి." డికాక్షన్ అంటే పాలు కలపని చాయ్ నీళ్లు. చిక్కగా కాచాను. జనం ఆ చిక్కటి చాయ్‌నీ సగమే తాగి పరుగెత్తారు.

కోదాడ జట్టు వాళ్లు చాయ్ జోలికే రాలేదు. రెండు రోజులు బల్ల మీద కూర్చుని చూశారు. వాళ్లలో సుబ్బారావు అడిగాడు.

"బాబాయ్, డ్రైవరు గారికి ముందెందుకిస్తారండీ?"

"ఆయన ఆపితెనే కద బస్సు ఆగేది? మర్యాద ఉండొద్దా?"

"తిరగబోసి చల్లార్చి మరీ ఇస్తున్నారే?"

"పాపం, నోరు కాలుతదని."

"ఆయన గుటుక్కున తాగి హారన్ కొడుతున్నాడండీ. రేపటి నుంచి పెద్ద గ్లాసు నిండా మసిలే చాయ్ ఇవ్వండి."

మర్నాడు పెద్ద గ్లాసు చూసి డ్రైవరు మురిసిపోయాడు. "గింత పెద్దదా? నన్ను మంచిగ అర్సుకుంటున్నవ్ పో." ఊదుకుంటూ కూర్చున్నాడు. జనం నింపాదిగా తాగారు, ఇంకోటి అడిగారు.

"మేం చిక్కగ కాయించినందుకే తాగుతున్నరు," అన్నాడు నరసయ్య. పంతులు వినలేదు, కోదాడనే గెలిపించారు. దసరాకు మా బావమరిదే వచ్చి నా హోటల్లో చాయ్ తాగాడు. ఆయనకు మాత్రం చిన్న గ్లాసే ఇచ్చాను.

అన్నేళ్లూ నేను చాయ్ వంకే చూశాను, తాగేవాళ్ల వంక చూడలేదు. ఆ పిల్లలు నేర్పింది అదే. నా రాతలో తప్పులుంటే, గ్లాసులో పడ్డ చాయ్ ఆకును తీసేసినట్టు పక్కకు తీసేసి, నన్ను మన్నించండి.