హలీమా ఆపా నిలబెట్టిన వరుస

తడిగుడ్డతో తుడిచిన షాబాదు బండలు ఆరకముందు ఒక చల్లని వాసన వస్తుంది. పంకా ఆపి, కిటికీ రెక్కలు మూసి, ఆ వాసనలో పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే గాలిలో తేలే దుమ్ము నేలకు దిగుతుంది. ఈ ఆదివారం ఉదయం కూడా అలాగే కూర్చున్నాను. బల్ల మీద కెమెరా, పక్కన గాలి ఊదే రబ్బరు బుడ్డి, విప్పని కవరులో కెమెరా లోపల తుడిచే ఒక స్వాబ్ పుల్ల, నిండుగా చార్జి చేసిన బ్యాటరీ. ఆ పది నిమిషాల ఓపికను నాకు నేర్పిన మనిషి ఇప్పుడు లేదు. అయినా తడి బండల వాసన తగలగానే, ఆమె లోపలి గదిలో ఉన్నదేమోనన్నట్టు ఒక్క క్షణం తల తిప్పి చూస్తాను.

హలీమా ఆపాకు మట్టెవాడలో ఇంటి ముందుగదిలోనే ఫొటో స్టూడియో ఉండేది. పర్దా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాళ్ల కెమెరా ముందుకు రారు కనుక, ఆ చుట్టుపక్కల నిఖాలలో ఆడవాళ్ల వైపు ఫొటోలన్నీ ఆమే తీసేది. నేను తొర్రూరు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చి, ఎనుమాముల మార్కెట్ యార్డు ఆఫీసులో మిర్చి లాట్ నంబర్లు, తూకాలు నమోదు చేసే పనిలో కుదిరాను. గుర్తింపు కార్డు ఫొటో కోసం ఆమె దగ్గరికి వెళ్లిన రోజున, ఆమె లైట్లు సర్దుతుండగా గోడ మీది పటాలు చూస్తూ నిలబడ్డాను. వాటన్నింటిలోనూ ఎడమవైపు పైమూల దగ్గర, ఒకే చోట, ఒకే నలుసు కనబడింది.

“ఆపా, ఈ చుక్క అన్నిట్ల ఉన్నది. పదకొండు ఫొటోలల్ల,” అన్నాను.

ఆమె కళ్లద్దాలు పైకి నెట్టుకుని పటాలను ఒక్కొక్కటిగా చూసి నవ్వింది. “పెండ్లోళ్లకు గానరాలే, తీశ్న నాకు గానరాలే. కార్డు ఫొటోకొచ్చి నువ్ లెక్కవెట్టినవ్. ఏం పనిజేస్తవ్ బిడ్డా?”

“మార్కెట్ యార్డుల. మిర్చి లెక్కలు రాస్త.”

“అందుకే నువ్వొచ్చిన కాన్నుంచి నాకు తుమ్ములొస్తానయ్! ఐతారం రా. ఆ చుక్క ఏడ కూసున్నదో చూపిస్త.”

ఆ ఆదివారం ఆమె నన్ను గడపలోనే ఆపింది. “యార్డు మొత్తం మోస్కొచ్చినవా? పో, మోచేతుల దాంక కడుక్కో. చున్నీ ఆడ పెట్టు, దాని నూగు రాల్తది.” తరువాత నేల తుడిచి, పంకా ఆపి, లోపలి దుమ్ము స్పష్టంగా కనబడేలా లెన్సు రంధ్రాన్ని వీలైనంత చిన్నది చేసి తెల్లగోడను ఒక ఫొటో తీసింది. దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూపినప్పుడు నాకు అర్థమైంది: మచ్చలు లెన్సుకు పట్టినవి కావు, కెమెరా లోపల, బొమ్మ పడే సెన్సార్ మీది అద్దానికి అంటిన ధూళి. లెక్కపెట్టాను. పదిహేడు. గోడ పటాల్లో నేను చూసినది వాటిలో పెద్దది మాత్రమే. ఆమె లెన్సు విప్పి, కెమెరాను బోర్లా పట్టుకుని, బుడ్డి మొన లోపలికి పోనీయకుండా దూరం నుంచే గాలి కొట్టింది. నేను అలవాటుకొద్దీ నోరు దగ్గరికి తెచ్చేసరికి చేతి మీద చిన్న దెబ్బ పడింది. “నోటితోని ఊదకు. నీకది గాలి, దానికి ఉమ్మి.” మళ్లీ ఫొటో తీస్తే నాలుగు మిగిలాయి. అప్పుడు సెన్సార్ వెడల్పుకు సరిపోయే స్వాబ్ పుల్లను తీసి, రెండు చుక్కల ద్రావకం వేసి, అటునుంచి ఇటు ఒకసారి, పుల్ల తిప్పి ఇటునుంచి అటు ఒకసారి తుడిచి, దాన్ని చెత్తబుట్టలో పడేసింది. “ఒక్క పుల్ల ఒక్కపాలే. దుమ్మంత దానికే అంటుకుంటది. మళ్ల రుద్దినవనుకో, ఆ దుమ్మే గీకుతది.” ఇంకా రెండు మిగిలాయి. ఇంకొక పుల్ల తీయమన్నాను. ఆమె తీయలేదు. “రెండే గదా, ఉండనీ. ఒక్కటి గూడ ఉండొద్దన్నోళ్లే అద్దం ఖరాబ్ జేస్తరు.” పదిహేడు, నాలుగు, రెండు అని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. చివరి అంకె సున్నా కానందుకు నాకు నిద్ర సరిగా పట్టలేదని కూడా అదే పేజీలో ఉంది.

ఆ తరువాత నా ఆదివారాలన్నీ ఆమె ఇంట్లోనే గడిచాయి. నాలుగు నెలలకు, ఒక పెద్ద నిఖా ముందు రోజున, కెమెరాను మొదటిసారిగా నా ఒక్కదాని చేతికిచ్చి ఆమె అసర్ నమాజుకు లోపలికి వెళ్లింది. అన్నీ ఆమె చెప్పినట్టే చేశాను. చివరికి రెండు మచ్చలు మిగిలాయి. ఇంట్లో కొత్త పుల్ల లేదు. వాడిన పుల్ల చేతిలోనే ఉంది. రెండు మచ్చల కోసం దానితోనే మళ్లీ తుడిచాను. మచ్చలు రెండూ పోయాయి. ఆ చోట వెంట్రుకంత సన్నని గీత పడింది. ఆమె తిరిగి వచ్చి, “ఎన్నున్నయ్?” అని అడిగింది. “రెండు,” అన్నాను. ఆమె బల్ల మీది పుల్లను తీసి, కాసేపు చూసి, బుట్టలో వేసింది. “అచ్ఛా,” అన్నది. ఇంటికి వెళ్లి డైరీలోనూ రెండు అనే రాశాను. ఇన్నేళ్ల నా డైరీలలో తెలిసి రాసిన తప్పుడు అంకె అదొక్కటే.

మర్నాడు పెళ్లింట్లో, ఎప్పుడూ ఆడవాళ్లను మూడు వరుసలుగా సర్దే ఆపా, అందరినీ ఒకే వరుసలో నిలబడమన్నది.

“ఏంది ఆపా, రేషన్ దుకాన్ కాడ లైన్ వెట్టినట్టు?” అని పెళ్లికూతురు పెద్దమ్మ ఎగతాళి చేసింది.

“ఎన్కకు నిలవడ్తే మొఖం మసకొస్తది. నీ కొత్త కమ్మలు ఎవ్వరికీ గానరావొద్దా?”

పెద్దమ్మ వెంటనే వచ్చి నడిమధ్యన నిలబడింది. ఏడాదిగా మాటల్లేని ఇద్దరు తోడికోడళ్లు భుజం భుజం కలపవలసి వచ్చింది. “దాని పక్కన నేను నిలవడ,” అన్నది చిన్నామె. “నిలవడకు తల్లీ, వచ్చి నా లైట్ వట్టుకో,” అన్నది ఆపా. వరుసంతా గొల్లున నవ్వింది, తోడికోడళ్లిద్దరూ నవ్వు ఆపుకోలేని ఆ క్షణంలోనే ఆమె మీట నొక్కింది. లైటు పట్టుకుని పక్కన నిలబడ్డ నేను కెమెరా మీది అంకె చూశాను. లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి ఉంది. అలా తెరిస్తే సెన్సార్ మీది గీత ఫొటోలో కనబడదు. కాని ఒకే దూరంలో ఉన్నవారే స్పష్టంగా వస్తారు. అందుకే ఒకే వరుస. గదిలో వెలుతురు తక్కువ కనుక అలా తెరిచి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. డాబా మీద ఎర్రటి ఎండలోనూ ఆమె అదే వరుస నిలబెట్టినప్పుడు, చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆమె ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. వారం వారం వెళ్తూనే ఉన్నాను, చాయ్ తాగుతూనే ఉన్నాను. ఒక ఆదివారం ఒక ఇంటి పెద్దామె ఆల్బమ్ తెచ్చి ఆమె ముందు పడేసింది. “ముప్పై మందిని ఒక్క లైన్ల వెడ్తివి. ఒక్కొక్కలం చీమలంత వడ్డం! గిదేం ఫొటో?” ఆపా ఆల్బమ్‌ను తిన్నగా మూసి, “నా కండ్లు జర మందమైనయ్ అమ్మా. తప్పు నాదే,” అన్నది. ఆ కళ్లద్దాలతో ఆమెకు అన్నీ బాగానే కనబడేవి. పెద్దామె గడప దాటగానే నా నోరు తెరుచుకుంది.

“ఆపా, ఆ గీత నేను వెట్టిన. నిఖా ముందటి దినం. అదే పుల్లతోని మళ్ల తుడిచిన. రెండున్నయని అబద్ధం చెప్పిన.”

“ఎరుకే.”

“ఎప్పటి సంది?”

“పుల్ల చూశ్నప్పటి సంది. ఒక్కపాలి తుడిస్తె ఒక్కో దిక్కు ఒక్కటే చార వడ్తది. దాని మీద ఒక్క దిక్కే రెండున్నయ్.”

“మరి అడగకపోతివి?”

“అడిగితె బెదిరి చెప్తువు. నీ అంతట నువ్ చెప్తవని చూశ్న.” ఆమె నవ్వబోయి మానుకుంది. “గీతతోని నా పని ఆగలే బిడ్డా. అందర్ని పక్కపక్కకు నిలవెట్టుకున్న. ఐతారం ఐతారం వచ్చి నా ఎదురుంగ కూసోని, నా మొఖం చూడకపోతివి. గదే ఫికరైంది నాకు.”

ఆ సాయంత్రం డైరీలు ముందు వేసుకుని లెక్క చూశాను. నిఖా నుంచి ఆ రోజు వరకు ఎనభై మూడు ఆదివారాలు. ఎదురుగా ఉన్న మనిషి నుంచి నేను దాక్కున్నవి అన్ని. ఆ తరువాత మాకు దొరికినవి ఇరవై ఆరు. ఇరవై ఏడో ఆదివారానికి రెండు రోజుల ముందు, దవాఖానకు తీసుకువెళ్లే దారిలోనే, ఆపా గుండె ఆగిపోయింది. ఆ ఇరవై ఆరింటిలో ఆమె నన్ను ఎన్నిసార్లు తిట్టిందో, ఎన్నిసార్లు నవ్వించిందో, ఎన్ని కప్పుల చాయ్ పోసిందో నా డైరీలో ఎక్కడా లేదు. రాసుకోవాలన్న ధ్యాసే రాలేదు. అన్నీ లెక్కపెట్టే నాకు, ఇప్పుడు అన్నింటికన్నా కావలసినవి ఆ లెక్కలేని రోజులే.

కెమెరాను ఆమె కూతురు నా చేతిలో పెట్టింది. గీత అలాగే ఉంది. ఈ రోజు శుభ్రం చేశాక దాని చుట్టూ మూడు మచ్చలు మిగిలాయి, నేను ఆగిపోయాను. రేపు సోమవారం. యార్డులో లాట్ నంబరో, తూకమో తప్పు రాస్తే, ఎవరూ పట్టుకోకముందే లేచి వెళ్లి, పొరపాటు నాదని అధికారికి చెబుతాను. కొన్నేళ్లుగా అలాగే చేస్తున్నాను. ఆఫీసులో దాన్ని నిజాయితీ అంటారు. ఎదుటి మనిషితో ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో తెలియని భయంతో నేను పడే తొందర అది అని వారికి ఎప్పుడూ చెప్పలేదు.