ఫోన్‌లో గొంతమ్మ

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. దేశం మొత్తానికి సెల్‌ఫోన్లంటే ఒక్కటే కంపెనీ, అందులో ఆమెది ఫిర్యాదుల కౌంటరు ఉద్యోగం. మనం పిలిచిన మనిషి దొరక్కపోతే ఫోన్‌లో మెత్తగా ఓ ఆడగొంతు పలుకుతుంది చూడండి, ఆ గొంతు ఆమెది. అందుకని అందరికీ ఆమె గొంతమ్మ.

రికార్డింగు స్టోర్ రూములో జరిగింది. రావలసిన నటి రాకపోయేసరికి ఈమెను కౌంటరు నుంచి లాక్కొచ్చారు. గోడలకు దుప్పట్లు వేలాడదీసి, చప్పుడు రాకుండా ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతుంటే చెప్పించారు. ఇక ఇంట్లో వేళాకోళమే. ఫోన్ కలవకపోతే అత్తగారు వంటింటి వైపు తిరిగి, "ఏమే కోడలా, ఇంట్లో నోరు విప్పవు గానీ ఫోన్‌లో మాత్రం నాకు అడ్డం పడతావు" అనేది. భర్త అదే కంపెనీలో టవర్ల మరమ్మతు చేసేవాడు. "నేను పైకెక్కి బాగుచేస్తుంటాను, నువ్వు కింద కూర్చుని లేదు లేదని చాటింపు వేస్తుంటావు. బాగుంది మన కాపురం!" అని నవ్వేవాడు. బస్సులో పక్కవాళ్ల ఫోన్‌లోంచి తన గొంతు వినిపిస్తే గొంతమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుని లోలోపల మురిసిపోయేది.

ఇలా ఉండగా పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు వస్తామన్నాయి. రానివ్వాలా వద్దా చెప్పమని ప్రభుత్వం జనాన్ని అడిగింది. వాళ్లొస్తే సగం మంది ఇంటిదారి పట్టాల్సిందేనని ఆఫీసంతా గుబులు. గొంతమ్మ ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరి జీతాలూ ఆ ఒక్క చెట్టుకే కాస్తున్నాయి. వాళ్లను వద్దనమని జనానికి చెప్పడానికి ఉద్యోగుల సంఘం బస్‌స్టాండు ముందు సభ పెట్టింది.

"నువ్వే చదవాలి గొంతమ్మా," అంటూ సంఘం పెద్ద ఆమె చేతిలో కాగితం పెట్టాడు. "మా గొంతులకు కాకులు కూడా ఆగవు. నీ గొంతు ఎరగనివాడు ఎవడున్నాడు?"

ఎరగనివాడు నిజంగానే లేడు. ఆమె మైకులో "ప్రియమైన వినియోగదారులారా" అందో లేదో, వెనకనుంచి ఎవడో, "ఓహో, ఇన్నాళ్లకు అందుబాటులోకి వచ్చావా తల్లీ!" అని అరిచాడు. బస్‌స్టాండంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వేసింది. నవ్వులు సద్దుమణిగాక చదవడం మొదలుపెట్టింది. "విదేశీ కంపెనీలు లాభం ఉన్నచోటే టవర్లు వేస్తాయి. కొండ అవతలి వాళ్లను గాలికి వదిలేస్తాయి. మన కంపెనీ అయితే..."

"ఒక్క మాటమ్మా."

బస్‌స్టాండు పక్కనే ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ ముందుకొచ్చింది. చంకలో చిన్న పిల్ల. పిల్ల కుడిచెయ్యి తడిసిన బట్టలా వేలాడుతోంది.

"కొండ అవతల ఉండేది మేమే. మాకిప్పుడు మాత్రం ఏ టవరుందమ్మా?"

గొంతమ్మ కాగితం తిరగేసి చూసింది.

"పోయినేడు కొత్తగా కొండ అవతల ఇంట్లో దిగాం. పిల్లకు ఒళ్లు వెచ్చగా ఉంటే మా అమ్మకు అప్పజెప్పి, చేతికో ఫోనిచ్చి పనికొచ్చా. ఎలా ఉందోనని ఇక్కణ్ణుంచి చేశా. మీరే పలికారు. కొద్దిసేపటి తర్వాత మళ్లీ ప్రయత్నించండి అన్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు. "అంత మర్యాదగా చెప్తుంటే కలుస్తుందనే అనుకున్నా. మీరన్నట్టే ఆగి ఆగి చేశా. కలవదని తెలిసుంటే ఇస్త్రీపెట్టె అక్కడే పడేసి పరిగెత్తేదాన్ని కాదూ? వెళ్లేసరికి పిల్లకు ఫిట్స్. అమ్మ సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని వీధులన్నీ తిరుగుతోంది. ప్రాణం దక్కింది. చెయ్యే ఇలా..."

గొంతమ్మకు తల కొట్టేసినట్టయింది. స్టోర్ రూములో ఆమెకు రాసిచ్చింది "అందుబాటులో లేరు" వరకే. అంతటితో ఆపితే మొహం మీద తలుపేసినట్టుందని, రెండో వాక్యం తనే కలిపింది. రికార్డింగు చేయించిన ఇంజనీరు భేష్ అన్నాడు. తర్వాతెప్పుడో భోజనాల దగ్గర భర్త, "ఆ కొండను మా సిగ్నల్ దాటదే. అవతలివాళ్లకు వచ్చే జన్మదాకా ప్రయత్నించినా కలవదు" అన్నాడు. ఆమె నవ్వి, కూర వడ్డించింది. తను చెప్పిన మాట ఆ వేళ ఆమెకు గుర్తుకే రాలేదు.

"ఆగకు, చదువు, చదువు," అని సంఘం పెద్ద గొణిగాడు. టవర్ల మనుషుల మధ్య నిలబడ్డ భర్త తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు.

ఆమె కాగితం మడిచేసింది. "మీ వైపు టవరు లేదమ్మా," అంది మైకులోనే. "ఎంతసేపు ఆగినా కలవదు. అది తెలిసాక కూడా నేను ఆ మాట మార్పించలేదు."

మైకు టక్కున ఆగిపోయింది. "కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా?" అన్నాడు సంఘం పెద్ద పళ్లు బిగించి. "వాళ్లొస్తే ముందు వీధిన పడేది నువ్వూ నీ మొగుడే!"

ఆమె వేదిక మెట్లు దిగి ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వచ్చింది.

"ఇంతకీ వాళ్లను రమ్మనాలా, వద్దనాలా?" అని ఆవిడ అడిగింది.

"నాకు తెలీదమ్మా. రమ్మంటే మా కూడు పోతుంది. వద్దంటే మీకు... ఎవరున్నా ముందు కొండమీద టవరు వేస్తారా అని అడగండి."

"ఎవరొచ్చినా ఫోన్‌లో మీ గొంతే పెడతారా?"

దెప్పుతోందనుకుని గొంతమ్మ తల దించుకుంది. "నన్నెందుకు ఉంచుతారు?"

"ఉండాలమ్మా. వినడానికి హాయిగా ఉంటుంది," అంది ఆవిడ, పిల్లను ఇటు చంకనుంచి అటు మార్చుకుంటూ. "ఆ ఆగమనే ముక్క ఒక్కటీ తీసేయించండి, చాలు."

నాలుగు తిట్టి పోయినా బాగుండేది. "తప్పకుండానమ్మా" అంది గొంతమ్మ. ఆ మాట కూడా ఫోన్‌లో పలికినట్టే తియ్యగా, మెత్తగా వచ్చింది. చటుక్కున చేత్తో నోరు మూసుకుంది.