చింతపండు నీళ్ళలో ఉడికిన రైలింజను

మా మరదలు మంచిది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇది చదివినవాళ్ళకి దాని మీద కోపం వస్తుంది. నా కోపమంతా దాని మొగుడి మీద, అంటే నా తమ్ముడి మీద.

రేపల్లెలో మా నాన్నకి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. కరిగే టంకం వాసనంటే నాకు ప్రాణం. కానీ సోల్డరింగ్ ఐరన్ మాత్రం తమ్ముడి చేతికే ఇచ్చేవాడు. "ఆడపిల్లవి, చెయ్యి కాల్చుకుంటే నిన్నెవడు చేసుకుంటాడే?" అనేవాడు నాతో. కాల్చుకోలేదు, ఎవడూ చేసుకోనూ లేదు. వాణ్ణి ఇంజనీరింగ్ చదివించారు. వాడేమో ఇళ్ళు కట్టించి అమ్ముకుంటున్నాడు, ఐరన్ ముట్టుకుని ఎన్నేళ్ళయిందో వాడికే గుర్తుండదు. నేను బాపట్ల కాలేజీలో ఫిజిక్స్ చెప్పి, రిటైరై, తెనాలిలో వాడి మేడమీద గదిలో ఉంటున్నాను.

పోయిన ఏడాది నేరోగేజి ఇంజను కిట్ ఒకటి తెప్పించుకున్నాను. మన రేపల్లె బండి పట్టాల్లో సగం వెడల్పు కూడా లేని పట్టాల మీద నడిచే బుల్లి ఇంజనుకి, అరచేతిలో పట్టే నమూనా అది. బేసిక్ కిట్ అంటే మరీ బేసిక్. భాగాలు గీసి ఉన్న ఇత్తడి రేకు, పొట్లంలో కాసిని పోత ముక్కలు, అంతే. మోటారూ చక్రాలూ మనమే వెతుక్కోవాలి. రేకులోంచి ఒక్కో ముక్కా కత్తిరించి, ఆకురాయితో అంచులు రుద్ది, వంచి, టంకం పెట్టాలి. బాయిలరు మొదటిసారి వంకరగా వచ్చింది. ఊడదీసి మళ్ళీ చుట్టాను. వేలు కాలింది కూడా. హాయిగా నవ్వుకున్నాను.

చిమ్నీ, బాయిలరు నెత్తిన బొడిపెలా ఉండే డోము దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. అవి మెత్తటి తెల్లలోహంతో పోసినవి. మామూలు ఐరన్ తగిలితే చాలు, కారిపోతాయి. వాటికి వేరే టంకం ఉంటుంది, వేడినీళ్ళకే కరిగేంత నాజూకుది. అదీ అయింది. ఇక మోటారూ చక్రాలూ రంగూ మిగిలాయి.

తమ్ముడికి చూపించాను. "భలే చేశావే అక్కా, ఎలా చేశావ్?" అంటాడని ఆశ. ఈ వయసులో ఇంకా సిగ్గులేని ఆశ! వాడు ఫోన్లోంచి తల కాస్త ఎత్తి, "బొమ్మా? కానీ కానీ, నీకూ కాలక్షేపం ఉండాలిగా" అన్నాడు.

శ్రావణ శుక్రవారం నాడు పింఛను పనిమీద బాపట్ల వెళ్ళొచ్చేసరికి మరదలు గుమ్మంలోనే నిలబడి ఉంది, మొహం చిన్నబుచ్చుకుని.

"వదినా, మీ ఇంజను బల్ల మీద నల్లబడి ఉందండి. మీరు చేసిందని అమ్మవారి దగ్గర పెడదామనుకున్నా. దీపపు కుందులతో పాటు చింతపండు నీళ్ళలో వేసి మరిగించా. ముక్కలు ఊడొచ్చేశాయండి."

గిన్నె అడుగున చిమ్నీ, డోము. రెండూ తీసి కొంగుతో తుడిచాను. దాన్ని ఏమని తిట్టను? ఆ ఇంట్లో నా పనిని దేవుడి ముందు పెట్టదగ్గదనుకున్నది అదొక్కతే. "ఊరుకోవే, మళ్ళీ అతికిస్తాలే" అన్నాను. చిమ్నీ లేకుండానే మందిరం పక్కన పెట్టింది. ఇత్తడి ధగధగలాడిపోతోంది.

సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్ళలో పక్కింటావిడ కళ్ళు దాని మీదే పడ్డాయి. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందండీ! అన్నయ్యగారూ, మీరే చేశారా?"

తమ్ముడు నవ్వాడు. "ఏదో లెండి, మన లైనేగా."

"మా వదినగారు చేశారండి" అంది మరదలు, తాంబూలం ఇస్తూ.

"ఊరుకోండి! టీచరుగారా?" అని ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడతో పాటు తమ్ముడూ నవ్వాడు, నా వైపు చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. పైకెళ్ళి ఐరన్, మామూలు టంకం, చిమ్నీ తెచ్చి, ఇంజను వాడి ముందుంచి, ఐరన్ని హాల్లో ప్లగ్గులో పెట్టాను. "మన లైనన్నావుగా. ఇది ఊడింది, అతికించు. అందరూ చూస్తారు" అన్నాను.

"ఇప్పుడేంటక్కా" అని నసిగాడు. చుట్టూ ఆడవాళ్ళు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. వెనక్కి తగ్గితే పరువు పోతుందని ఐరన్ అందుకున్నాడు. అది తెల్లలోహమని వాడికి తెలియదు. నేను చెప్పలేదు. కాలిన మొన తగలగానే చిమ్నీ ఒంగి, జావగారి, బాయిలరు మీద ముద్దగా కూర్చుంది.

పక్కింటావిడ తాంబూలం పట్టుకుని ముందుకి వంగి చూసింది. వాడు ఐరన్ పట్టుకుని చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూశాడు.

"ఇదెలా అతికించావక్కా నువ్వు?"

ఆ ఒక్క మాట కోసం ఏడాది పొడుగునా కాచుకుని కూర్చున్నాను. తీరా అడిగాక, జవాబు చెప్పబుద్ధి కాలేదు.